పుంత పూడిపోయిన చేలోకి కోత మిషన్ ఎటునుంచి రావాలి? – డెల్టా అధికారులకు ఒక కౌలు రైతు బహిరంగ లేఖ

రాష్ట్ర వ్యవసాయ, జలవనరుల, రెవెన్యూ శాఖల అధికారులకు. గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు. మా ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను మధ్య డెల్టాలో, అంటే కోనసీమలో, కౌశిక డ్రెయిన్ అనే మురుగు కాలువకి దగ్గర్లో వ్యవసాయం చేసుకునే కౌలు రైతుని. సొంతానికి 40 సెంట్ల కొబ్బరి తోట, కౌలుకి 2 ఎకరాల 40 సెంట్ల వరి చేను. నేను రాయబోయేది కొత్త సంగతేమీ కాదు, మా చేలకి పోయే పుంత, అంటే ఎడ్లబండి దారి, పూడిపోయిన సంగతే. దీని మీదే రెండేళ్లలో మూడుసార్లు సోమవారం అర్జీల రోజున క్యూలో నిలబడి కాగితం ఇచ్చాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి ఎవరో ఉద్యోగి ఫోన్ చేసి "పుంత గురించేనా బాబాయ్?" అని అడిగి, అవునన్నాక పెట్టేశాడు. మూడోసారి ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. పదిహేను రోజులకి ఫోన్‌కి మెసేజ్ మాత్రం వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఏమో, నిజంగానే ఎవరైనా వచ్చి బాగుచేశారేమోనని ఆ సాయంత్రం చేను దగ్గరికి వెళ్లి చూశాను. ఇటు ముళ్లకంచె, అటు చెరువు గట్టు, మధ్యలో రెండడుగుల కాలిబాట. ఎలా ఉన్నది అలాగే ఉంది. అందుకని ఈసారి కాగితం కౌంటర్లో ఇవ్వకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇదీ. యాంత్రీకరణ పేరుతో మీరు పెట్టే ఖర్చంతా మిషన్ కొనేవాడి దగ్గరే ఆగిపోతోంది. మిషన్‌ని బాడుగకి పిలిచేవాడి దాకా రావడం లేదు. డెల్టాలో ఎక్కువమందిమి పిలిచేవాళ్లమే.

మిషన్ అంటే నాకు గిట్టదని అనుకోవద్దు. మా నాన్న కాలంలో సార్వా (ఖరీఫ్ వరి) కోతంటే ఇంటిల్లిపాదికీ నెలరోజుల పని. కోసి, పనలు ఆరనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసి, వీలు చూసుకుని నూర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో కొడవలి పట్టే మనిషి దొరకడం లేదు. ఉపాధి హామీ పనుల వల్లే కూలీలు రావడం లేదని మోతుబరులు అంటుంటారు, నేను ఒప్పుకోను. మా వీధిలో చాలా ఇళ్ల ఆడవాళ్లు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లారు. కుర్రాళ్లు రొయ్యల చెరువుల మీదకో హైదరాబాద్‌కో పోయారు. వాళ్లెవరూ కొడవలి కోసం వెనక్కి రారు. మిషన్ రాకపోతే పంట చేలోనే ఉంటుంది, అంతే.

కానీ ఆ మిషన్‌ని ఎవరు కొనగలరు? దేశంలో ఐదెకరాల లోపు కమతాలే 86 శాతం అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. సగటు కమతం 1.08 హెక్టార్లు. పాతిక, ముప్ఫై లక్షలు పోసి చైన్ మిషన్ (చక్రాల బదులు గొలుసు పట్టాల మీద నడిచే కోత మిషన్) కొనుక్కుని అందులో తిప్పుకునే రైతు ఎవడూ ఉండడు. చిన్న రైతు ఎక్కడైనా బాడుగకి పిలవాల్సిందే. పిలిస్తే ఏం జరుగుతోందో ఈ సార్వాలో నాకు జరిగిందే చెబుతాను.

1. దారి.

మా ఆయకట్టు మధ్యలోంచి ఒక పుంత ఉండేది. గ్రామ నక్షాలో ఇప్పటికీ ఉంది. ఎడ్లబండి పోయేంత వెడల్పు. నా చిన్నప్పుడు ధాన్యం ఆ పుంత మీదే బళ్లలో ఇంటికి వచ్చేది. ఎడ్లు పోయాక పుంతతో ఎవరికీ పని లేకపోయింది. ఇటు తోటవాళ్లు ఒక వరస కొబ్బరి మొక్కలు వేసుకున్నారు, అటు చేపల చెరువు గట్టు కొంచెం కొంచెంగా జరిగింది. వాళ్లని తిట్టడానికి రాయడం లేదు. వాళ్లలో ఒకాయన నాకు వరసకి మావయ్యే. వాడకం లేని దారిని కలిపేసుకోవడం ఊళ్లలో అందరూ చేసేదే. అది కలిసిపోతుంటే చూస్తూ ఊరుకున్నది రెవెన్యూ వాళ్లు.

ఇప్పుడు మిషన్ నా చేలోకి రావాలంటే ముందున్న మూడు చేలు దాటి రావాలి. అవి కోతైతేనే నాకు దారి. నా పంట ముందు పండినా సరే, కోతకి ముహూర్తం పెట్టేది ముందు చేలవాళ్లే. వాళ్లలో ఒకరిది ఆలస్యంగా ఊడ్చిన చేనైతే నా గింజ రాలిపోతున్నా చూస్తూ కూర్చోవాలి.

2. గంట లెక్క.

మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి మా తీరం దాటింది. తెల్లారి వెళ్లి చూస్తే చేనంతా చాప పరిచినట్టు పడిపోయి ఉంది. గింజ ఇంకా పాలు గట్టిపడే దశలోనే ఉంది. లేపి కట్టించినవి లేపి కట్టించాం, మిగతాది దేవుడికి వదిలేశాం. నవంబర్ మూడో వారానికి ముందు చేల కోతలు అయ్యి నా వంతు వచ్చింది. పగలు పంపమని మిషన్ల ఏజెంట్‌ని బతిమాలాను. మిషన్ రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది.

డ్రైవర్ తమిళ కుర్రాడు, పాతికేళ్లు ఉంటాయేమో. మూడు రాత్రులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. మిషన్ నా గట్టు ఎక్కగానే ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టి "అన్నా, టైం పాత్తుక్కో" అన్నాడు. నేనూ నా ఫోన్‌లో చూసుకున్నాను. ఇద్దరి టైమూ ఒకటే. గంటకి 3,600 అంటే అక్కడి నుంచి ప్రతి నిమిషానికీ అరవై రూపాయలు.

గంట గడిచేసరికి బోదె (చేల మధ్య చిన్న కాలువ) మూలలో చైన్ దిగబడింది. ఇంజిన్ గోల పెడుతోంది, బురద నడుమెత్తున ఎగురుతోంది, మిషన్ మాత్రం అంగుళం కదలదు. నేనూ మా బావమరిదీ కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి చైన్ కింద తోశాం. అవి బురదలో మునిగిపోయాయి. పాత బరకం (టార్పాలిన్ పట్టా) మడిచి తోశాం. ఆఖరికి మా మావయ్యగారి కంచెలోని వెదురు గడలు కూడా పీకి వేశాం (తెల్లారి ఆయనతో మాటలు పడ్డాం, అది వేరే కథ). నలభై నిమిషాలకి బయటపడింది. ఆ నలభై నిమిషాలూ బిల్లులోకే వచ్చాయి. 2,400 రూపాయలు. కోసినందుకు కాదు, కూరుకుపోయినందుకు.

తెల్లవారుజామున 2.50కి కోత అయ్యింది. 5 గంటల 20 నిమిషాలు, 19,200 రూపాయలు. నిరుడు నిలబడి ఉన్న పంటకి ఇదే చేనులో రెండున్నర గంటలు పట్టింది, గంటకి 3,000 చొప్పున 7,500 ఇచ్చాను. ఈసారి దిగుబడి 52 బస్తాలు. మక్తాకి, అంటే భూమి గలాయనకిచ్చే కౌలుకి, ఎకరానికి 10 చొప్పున 24 బస్తాలు పోతాయి. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాల్‌కి 2,369, అంటే 75 కిలోల బస్తాకి 1,777 రూపాయలు. ఆ లెక్కన కోత కూలే దాదాపు 11 బస్తాలు. మిగిలినవి 17. దమ్ము, ఆకుతీత, ఊడ్పు, ఎరువులు, పురుగుమందు, ముఠా కూలీ, వడ్డీ అన్నీ ఆ పదిహేడులోనే తేలాలి. తేలలేదు.

సీజన్ ముందు మీరు సమావేశం పెట్టి గంటకింత అని రేటు చెబుతారు, పేపర్లో వస్తుంది. ఆ పేపర్ ముక్క దాచి ఏజెంట్‌కి చూపించాను. "అయితే ఆ రేటుకి వచ్చే మిషన్నే పిలుచుకో బాబాయ్" అన్నాడు. అతనితో నాకు గొడవేమీ లేదు, వచ్చే ఏడాది కూడా అతన్నే పిలవాలి. గంట లెక్కలోనే ఉంది తిరకాసు. దారి లేకపోయినా, నేల మెత్తబడినా, డ్రైవర్ కొత్తవాడైనా, నిద్రమత్తులో ఒకే వరస రెండుసార్లు తిప్పినా మీటర్ తిరిగేది పిలిచినవాడి మీదే.

3. మురుగు.

యాంత్రీకరణ గురించి రాస్తూ మురుగు కాలువల గొడవెందుకంటారేమో. మూడు టన్నుల పైన బరువుండే మిషన్ చేలో దిగాలంటే కోతకి పది పదిహేను రోజుల ముందే నీళ్లు తీసి నేల గట్టిపడనివ్వాలి. నేను గట్టు తెంపితే నా చేలో నీళ్లు బోదెలోకి పోవు, బోదెలో నీళ్లే నా చేలోకి వస్తాయి. బోదె కలిసే చిన్న డ్రెయిన్ నిండా గుర్రపు డెక్క. అది కలిసే పెద్ద డ్రెయిన్‌కి మొగ (చివర నీళ్లు బయటికి పోయే చోటు) దగ్గర ఇసుక మేట. ఏడాదికోసారి పొక్లెయిన్ వస్తుంది, డెక్క తీసి గట్టు మీదే పోస్తుంది, తర్వాతి వానకి అది మళ్లీ డ్రెయిన్‌లోకి జారుతుంది. ఆ పని ఎవరు ఎందుకు అలా చేస్తారో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీళ్లు వచ్చే దారి అప్పుడే పడింది. పోయే దారి సంగతి ఇంతవరకు తేలలేదు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకి డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. అంటే మురుగు పేరు మీద మా పెద్దల దగ్గర పన్ను వసూలు చేసేందుకు చట్టం కూడా చేశారన్నమాట. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీ వేశారు. 2022లో కొన్ని మండలాల్లో మళ్లీ విరామం అన్నారు. ప్రతిసారీ చెప్పింది మురుగు గురించే, పెట్టుబడి గురించే, కాలువ నీళ్ల ఆలస్యం గురించే.

నీళ్ల ఆలస్యం కూడా మిషన్ ఖర్చే. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) 150 రోజుల పంట. జూన్ మొదట్లో ఆకుమడి పడితే అక్టోబర్ ఆఖరుకి కోతకొస్తుంది. మా శివారుకి నీళ్లు అందేసరికి జూన్ ఇరవై దాటింది. ఆ ఇరవై రోజులు నా కోతని తీసుకెళ్లి తుపాన్ల నెలలో పడేశాయి. 1996 నవంబర్ తుపాను చూసినవాళ్లం, 2013 నవంబర్‌లో హెలెన్, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ చూసినవాళ్లం. ఏ నెలలో పంట చేలో ఉండకూడదో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

4. మినుము, గడ్డి.

ఇది మీ ఏ నివేదికలోనైనా ఉందో లేదో నాకు అనుమానమే. దాళ్వా (రబీ వరి) నీళ్లు అందని శివారు చేలల్లో, సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే మినుములో పెసలో జల్లడం డెల్టాలో తాతల నాటి పద్ధతి. దున్నకం ఉండదు, తడి ఇవ్వక్కర్లేదు. వరి వదిలిన తేమకే మొలిచి, మంచుకే పెరిగి, సంక్రాంతి దాటాక చేతికొస్తుంది. ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఆడే డబ్బు అదే. కొడవలి కోతప్పుడు మొలక మీద మనిషి అడుగే పడేది. ఇప్పుడు చైన్ పడుతోంది. మిషన్ తిరిగిన చోటల్లా మొలక నలిగిపోతుంది, గాడుల్లో నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది. మిషన్ వెనక కుప్పగా పడే గడ్డి కింద ఉన్నదానికి వెలుతురు తగలదు. పోనీ కోత అయ్యాక జల్లుదామంటే అప్పటికి పైతడి ఆరిపోతుంది. మా చుట్టుపక్కల మినుము ఏటేటా ఇలాగే తగ్గిపోయింది. మిషన్ వల్ల మిగిలిందెంతో లెక్కేసేటప్పుడు పోయిన మినుముల్ని కూడా తీసివేతలో రాయండి.

గడ్డిదీ ఇదే తీరు. కట్టేసిన గడ్డి గడ్డిమేటుగా వేసుకుంటే రెండు గేదెలకి ఏడాది గడిచేది. మిషన్ గడ్డి నలిగి, తడిసి, చేలోనే బూజు పడుతుంది. కట్టలు కట్టే మిషన్ ఉందంటారు, ఉంది. కానీ కోత మిషనే రాలేని చేలోకి అదెలా వస్తుంది? ఈ ఏడు గడ్డి కొన్నాను. వరి పండించేవాడు గడ్డి కొనడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

5. తేమ.

పనలు చేలో ఆరే కాలంలో తేమ తీసే పని ఎండే చేసేది. ఇప్పుడు 52 బస్తాలు ఒక్క రాత్రిలో పచ్చిగా వచ్చి పడ్డాయి. ఊళ్లో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర చూపిస్తే తేమ 24 శాతం. 17 దాటితే కొనరు. కళ్లం లేదు, రోడ్డే కళ్లం. నాలుగు పగళ్లు ఆరబోసి, నాలుగు రాత్రులు బరకాల పక్కనే పడుకున్నాం. బరకాలకీ బాడుగే. మూడో రోజు బడికెళ్లే అమ్మాయి సైకిల్ ధాన్యం మీద జారి మోచెయ్యి గీరుకుపోయింది. వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదు, ఆ పక్కనే ఆవిడ ధాన్యం కూడా ఉంది మరి.

చివరికి ఊళ్లో మీటర్ 17 చూపించింది. మిల్లు దగ్గర మీటర్ 19 చూపించింది. రెండిట్లో ఏది అబద్ధమో తేల్చే నాథుడు లేడు. లారీ కిరాయి అప్పటికే పడింది కాబట్టి బస్తాకి కిలోన్నర తరుగుకి ఒప్పుకుని దింపేసి వచ్చాను.

6. సబ్సిడీ ఎవరికి?

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం మొదలుపెట్టింది. 2022లో రాష్ట్రం ఊరూరా యంత్ర సేవా కేంద్రాలని చెప్పి, రైతు గ్రూపు 10 శాతం పెట్టుకుంటే 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు రుణం అంది. ఆలోచన మంచిదే, మొదట విన్నప్పుడు నేనూ సంబరపడ్డాను. మా ఊరికీ ఒక గ్రూపు మిషన్ వచ్చింది, దండ వేసి ఫొటో దిగారు. సరిగ్గా కోతల వారంలో అది ఊళ్లో లేదు. ఎక్కువ రేటు పలికే చోటికి పోయింది. గ్రూపువాళ్లని అనడానికి లేదు, బ్యాంకు వాయిదా కట్టుకోవాలి కదా. కానీ జనం సొమ్ముతో కొన్న మిషన్ ముందు ఏ ఊరి పంట కొయ్యాలో ఒప్పందంలో రాసుకోవద్దా?

ఆ గ్రూపులో కౌలు రైతు ఒక్కడూ లేడు. ఉండలేడు. పాసు పుస్తకం కావాలి, 1బి (భూమి హక్కు రికార్డు నకలు) కావాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం మాకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తామన్నారు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. మా భూమి గలాయన విదేశంలో ఉంటారు. మంచివారే. తుపాను ఏడాది మక్తాలో రెండు బస్తాలు తగ్గించమంటే తగ్గిస్తారు. సంతకం మాత్రం పెట్టరు. పత్రం లేకపోతే సబ్సిడీ బరకం కూడా రాదు, పడిపోయిన పంటకి పరిహారం ఆయన ఖాతాలోకి పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లు, కోత యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. సంతోషం. నేనిచ్చిన గంట బాడుగలో ఆ తగ్గింపు నాకెక్కడా కనిపించలేదు.

7. కోత కూలీలు.

రైతు లేఖల్లో ఈ మాట రాదు, అందుకే రాస్తున్నాను. కోతల నెలలో మా ఊరి కూలి ఇళ్లకి తిండిగింజలు వచ్చేవి. కూలి గింజలు, ఆపైన చేలో పరిగె (కోతయ్యాక ఏరుకునే వెన్నులు). ఇప్పుడు కూలీ లేదు, పరిగే లేదు. చైన్ తొక్కిన బురదలోంచి వెన్ను ఏరుకోవడం ఎవరివల్లా కాదు. గల్ఫ్‌కి పోలేని వయసువాళ్లు, ఒంటరి ఆడవాళ్లే ఊళ్లో మిగిలారు. మిషన్ తిన్న ఆ పని బదులు వాళ్లకి ఇంకేదీ రాలేదు.

ఇక ఊడ్పు యంత్రం గురించి మీ ప్రదర్శనలకి రెండుసార్లు వచ్చాను. ట్రేలలో పెంచిన పదిహేను, పద్దెనిమిది రోజుల లేత నారు, రెండు మూడు సెంటీమీటర్ల నీటిలో చక్కగా నాటింది. సార్వాలో మా చేలో మోకాల్లోతు నీళ్లుంటాయి. ఆ నారు పెట్టిన మర్నాడే తేలిపోతుంది. మెరక చేలున్న వాళ్లకి పనికొస్తుందేమో, దాళ్వాలో మాక్కూడా పనికిరావచ్చు. డ్రోన్ మాత్రం బాగుంది, నిజం చెప్పాలి. నిరుడు వరికి దోమ పడినప్పుడు డ్రోన్ నడిపేవాడు పావుగంటలో మందు కొట్టి వెళ్లాడు. దానికి పుంతతో పని లేదు కదా.

యంత్రం చిన్న రైతు దగ్గరికి రాదనే మాట నిజం కాదు. బంగ్లాదేశ్ కూడా మనలాంటి డెల్టాయే, కమతాలు మనకంటే చిన్నవి. 1988 వరదల తర్వాత, దున్నే పశువులు కొట్టుకుపోయి సాగు ఆగిపోయే పరిస్థితి వస్తే, అక్కడి ప్రభుత్వం చైనా నుంచి వచ్చే చిన్న పవర్ టిల్లర్ల దిగుమతి మీద ఆంక్షలు సడలించింది. చేత్తో తోసుకుంటూ గట్టు దాటించగలిగే మిషన్లు అవి. ఊళ్లో ఒకరిద్దరు కొన్నారు, మిగతావాళ్లు బాడుగకి దున్నించుకున్నారు. ఇప్పుడక్కడ దుక్కిలో చాలా భాగం ఆ చిన్న మిషన్లదే. మన దగ్గర పెద్ద మిషన్ తెచ్చి దానికి తగ్గట్టు చేను లేదంటున్నాం.

ఇక మా కోరికలు.

1. ప్రతి ఊళ్లో గ్రామ నక్షా ప్రకారం పుంతలు కొలిచి, రాళ్లు పాతి, ఆక్రమణ ఎంతున్నా ట్రాక్టర్ పోయే వెడల్పు తెరవండి. మొక్క వేసుకున్నవాడికి, గట్టు వేసుకున్నవాడికి నోటీసు ఇచ్చి, ఒక పంట కాలం గడువు ఇవ్వండి. వాళ్లు కూడా మావాళ్లే, రాత్రికి రాత్రి నరికించమని అనడం లేదు. మట్టి పని ఉపాధి హామీలో పెట్టండి. అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. మిగిలిన వాటికి బడ్జెట్ లేదన్నా సరే, దీనికి కావలసింది గొలుసు, సర్వేయర్, తహసీల్దార్ సంతకం.

2. కోత బాడుగ గంటకి కాకుండా ఎకరానికి కట్టాలి. నిలబడిన పంటకి ఒక రేటు, పడిపోయిన పంటకి ఒక రేటు. తుపాను ఏడాది ఆ రెండింటికీ మధ్య తేడాని విపత్తు సాయం కింద, భూమి ఎవరిదైనా, సాగు చేసినవాడికే ఇవ్వండి.

3. సబ్సిడీ మీద వచ్చిన ప్రతి మిషన్ కోతల మొదటి ఇరవై రోజులు సొంత మండలంలోనే ఉండాలని ఒప్పందంలో రాయండి. ఏ మిషన్ ఏ రోజు ఏ చేలో ఉందో రైతు సేవా కేంద్రం గోడ మీద రాసిపెట్టండి. మొబైల్ యాప్ వద్దు. గోడ చాలు.

4. చిన్న సైజు కోత మిషన్లకి సబ్సిడీ పెంచండి. రెండెకరాల లోపు మడుల్లో మలుపు తిరగగలిగేవి, తేలికైనవి కావాలి. మినుము మొలక మీద తక్కువ బరువుతో పోయే మిషన్ ఏదో మారుటేరు శాస్త్రవేత్తలు మా శివారు చేలల్లోనే పరీక్షించి చెప్పాలి. పడిపోని కాండం, తక్కువ రోజుల పంట కూడా వాళ్ల దగ్గరే అడుగుతున్నాం. స్వర్ణ ఇచ్చిన చోటే కదా అడగాలి.

5. డ్రెయిన్లలో డెక్క తీసిన వారంలోగా గట్టు మీది నుంచి కూడా తరలించాకే బిల్లు చెల్లించండి. కౌశిక, శంకరగుప్తం లాంటి పెద్ద డ్రెయిన్ల మొగల దగ్గర ఇసుక మేటలు వేసవిలోనే తీయించండి. జూన్ 1కి శివారు బోదెలో నీళ్లు కనిపించాలి.

6. కొనుగోలు కేంద్రం దగ్గరే ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ పెట్టండి. అక్కడ చూపిన తేమే మిల్లులోనూ చెల్లాలి. తేడా వస్తే లారీ కిరాయి రైతు మీద పడకూడదు.

7. సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం తప్పనిసరి అనే షరతు తీసేయండి. చేను ఎవరు దున్నుతున్నారో వీఆర్వోకీ, వ్యవసాయ సహాయకుడికీ, ఊరందరికీ తెలుసు. కోత పని పోయిన ఆడవాళ్ల డ్వాక్రా సంఘాలకి డ్రోన్లు, డ్రయ్యర్లు, గడ్డి కట్టల మిషన్లు ముందుగా ఇవ్వండి. నడపడం నేర్పండి. ఆ తమిళ కుర్రాడిలా మూడు రాత్రులు నిద్ర లేకుండా మాత్రం నడపనివ్వకండి.

ఇప్పుడు దాళ్వా ఆకుమళ్లు పోస్తున్నాం. కోతలు ఏప్రిల్‌లో. అంతలోపు పుంత తెరవడానికి నాలుగు నెలలు ఉంది, ఎండాకాలం పని కూడా తేలికే. ఈ లేఖకి మళ్లీ మెసేజ్ పంపకండి. మనిషిని పంపండి. సర్వేయర్ ఏ రోజు వస్తారో ముందు రోజు చెబితే, గొలుసు రెండో కొస పట్టుకోవడానికి నేను పుంత మొదట్లో ఉంటాను. మా మావయ్యని కూడా పిలుచుకొస్తాను.

ఇట్లు,
ఒక కౌలు రైతు
మధ్య డెల్టా, కోనసీమ
డిసెంబర్ 2025